నీరడి తాడు

నిజామాబాద్,
9 ఫిబ్రవరి 2025

అక్కకు, చెల్లెలు జ్యోతి దండం పెట్టి రాసేది.

నీ ఫోన్ మోగడం లేదు. నీ కోడలు నవతకు చేసి అడిగితే, "అత్తమ్మ మీ నంబరు బ్లాక్ చెయ్యమన్నది చిన్నత్తమ్మా. కోడల్ని, ఏంజేస్త? చేసిన" అన్నది. పత్రికలో నా ఫోటో పడ్డ నాటి నుంచే నీకు ఈ కోపమని నాకు తెలుసు. పోనీలే, ఉత్తరాన్ని బ్లాక్ చేసే మీట ఇంకా రాలేదు కదా!

మన పెద్దరాయి చెరువును ఇప్పుడు చూస్తే నువ్వు గుర్తుపట్టవు. ముప్పై ఏళ్ళుగా ఊరి మురుగంతా తాగి, గుర్రపుడెక్క కప్పుకుని పడి ఉన్న చెరువు అది. దాన్ని బాగు చేస్తున్నారు. ఖర్చు ఒక మందుల కంపెనీది. పని హైదరాబాదు నుంచి వచ్చిన ఒక స్వచ్ఛంద సంస్థది. ఆ సంస్థ మనిషి అఖిలేష్ అని, మన నవత ఈడు పిల్లవాడు, చెరువు కమిటీకి నన్ను అధ్యక్షురాలిని చేశాడు. మా సంఘం ఆడవాళ్ళందరం నీలం టీషర్టులు వేసుకుని డెక్క పీకుతున్నాం. నేను చీర మీదే వేసుకుంటున్నాను, నవ్వకు. మురుగు కాలువను పక్కకు మళ్ళించారు. కట్ట మీద నడకదారి పడింది. మన కట్టమైసమ్మకు తెల్ల టైల్స్‌తో చక్కని గుడి కట్టించాం. బోనం నేనే ఎత్తాను.

ఇప్పుడు ఒక్క దగ్గర పని ఆగింది. ఉన్న మురికినీళ్ళు పోతే తప్ప అడుగు బురద తియ్యలేరు. నీళ్ళు పోవాలంటే, ఊరి చెరువు నీళ్ళు వదిలే నీరడిగా బాపు తెరిచే తూము దొరకాలి. అది ఎక్కడ పూడిపోయిందో ఇంజనీర్లకూ తెలియదు, కాగితాల్లోనూ లేదు. బాపు తూము తెరవడానికి వెళ్ళేటప్పుడు ముడి ఉన్న తాడు ఒకటి భుజాన వేసుకుని పోయేవాడు కదా, అది నీ దగ్గరే ఉంది. పంపు అక్కా. వానలు పడేలోపు బురద తియ్యకపోతే కంపెనీవాళ్ళు వెళ్ళిపోతారట.

నవతకు, పిల్లలకు నా ముద్దులు.

నీ చెల్లెలు
జ్యోతిరాణి
అధ్యక్షురాలు, పెద్దరాయి చెరువు కమిటీ


రెంజల్,
17 ఫిబ్రవరి 2025

జ్యోతిరాణి గారికి,

అధ్యక్షురాలివి కాబట్టి గారు అన్నాను. అక్కకు రాసే ఉత్తరం కింద పదవి రాసుకున్నదానివి నువ్వొక్కదానివే అయి ఉంటావు.

నీ ఫోటో బాగానే వచ్చింది. ప్రమీలమ్మ గారు పొద్దున్నే పత్రిక పట్టుకుని వచ్చి చూపించారు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి కాలువ కింద చెరకు పండిస్తున్నారే, ఆ క్యాంపు ఆవిడ. "మీ చెల్లాయండీ, ఎంత పేరు తెచ్చుకుందో!" అని ఆవిడ మురిసిపోతుంటే నాకు చేతిలో చాయ్ చేదైంది. ఫోటో కింద "చెరువును బతికిస్తున్న నీరడి బిడ్డ" అని రాశారు. నువ్వు నీరడి బిడ్డవైతే, మరి నేనెవరి బిడ్డను?

ఆ చెరువు దగ్గరికి వస్తే ముక్కు మూసుకుని అవ్వ కొంగులో దూరేదానివి నువ్వు. ఎనిమిదేళ్ళ నాటి నుంచి పదిహేడేళ్ళకు నా పెళ్ళయ్యేదాకా బాపు వెంట తిరిగింది నేను. తాడు ఒక కొస మైసమ్మ రాయికి కట్టి, కట్ట వెంట నడిచి, ముడి వచ్చిన చోట ఆగేవాడు. మిగిలిన తాడు నడుముకు చుట్టుకుని అక్కడే నీళ్ళలో మునిగేవాడు. కట్ట మీద ముడి దగ్గర తాడు పట్టుకుని నేను. రెండుసార్లు గుంజితే తూము బిరడా దొరికినట్టు. మూడుసార్లు గుంజితే "నన్ను పైకి లాగు బిడ్డా" అన్నట్టు. తొమ్మిదేళ్ళు బాపు ప్రాణం నా చేతుల్లో ఉంది. అప్పుడు ఒక్క పత్రికవాడూ రాలేదు.

నాకు మన ముత్తవ్వ పేరు తగిలించి ఈరవ్వను చేశారు. నీ దగ్గరికి వచ్చేసరికి మనసుపడి జ్యోతిరాణి అన్నారు. నన్ను ఏడో తరగతిలో ఆపించారు, నిన్ను కాలేజీకి పంపించారు. నేను అత్తగారింట్లో పొయ్యి ముందు కూచుని చదివి పది పాసై అంగన్‌వాడీ టీచరునయ్యాను. బాపు పోయాక ఇల్లు నీకు వచ్చింది. తాడు నేను అడిగి తెచ్చుకున్నాను. ఆ నాడు నీకు అది పనికిరాని నార. నేను పెళ్ళై వచ్చాక ఆ తాడు పట్టుకునే పని నీకే దక్కి ఉంటుంది, కాబట్టి తూము ఎక్కడో నీకే తెలియాలి.

ఇక తాడు సంగతి. దాంతో బర్రెను కట్టేశాను. బర్రెను విప్పి పంపమంటావా?

ఇక్కడ మా ఆరోగ్యాలు బాగున్నాయి.

ఈరవ్వ
ఏ కమిటీలోనూ లేదు


నిజామాబాద్,
20 మార్చి 2025

అక్కా,

నీ ఉత్తరం చదివి మీ మరిది పడీ పడీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. బర్రెను కట్టావన్న మాట నేను నమ్మను. నువ్వు బాపు చెప్పులే పదేళ్ళు దాచుకున్నదానివి.

కంపెనీ నుంచి చక్రవర్తి గారని పెద్దాఫీసరు వచ్చాడు. తాడు సంగతి చెబితే చాలా సంబరపడ్డాడు. పని అయ్యాక దాన్ని చెరువు గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెడతారట. పక్కనే నీ పేరు కూడా వేయిస్తాను, నేను మాట్లాడాను. నీకు ఇంకేం కావాలి?

నీకు కుళ్ళు అక్కా. చిన్నప్పటి నుంచీ ఉంది. నా జడకు రెండు రిబ్బన్లు కడితే అవ్వతో వారం మాట్లాడలేదు నువ్వు. ఆ తొమ్మిదేళ్ళ కథ నువ్వు ఎన్నిసార్లు చెప్పావో లెక్కే లేదు. చెప్పిన ప్రతిసారీ నాకెలా ఉండేదో ఒక్కసారైనా అడిగావా?

అది వదిలెయ్. ఇప్పుడు సంగతి విను. తూము దొరక్కపోతే కట్టకు గండి కొట్టి నీళ్ళు వదలాలని ఇంజనీర్లు అంటున్నారు. తూము నుంచి పోయే నీళ్ళ కోసం పాత కాలువ మీద శుద్ధి తొట్లు కట్టి ఉంచారు. గండి కొడితే ఆ తొట్లకు అందవు. కట్ట కింద కాలనీలోకి వస్తాయి. ముందు మునిగేది ఏ ఇల్లో నీకు చెప్పక్కర్లేదు. బాపు చేత్తో కట్టిన ఇల్లే. సామాను పైకి ఎత్తమని నిన్ననే చెప్పిపోయారు.

కాలనీ ఆడవాళ్ళు నా ముఖం మీదే అంటున్నారు: "టీషర్ట్ ఏసుకొని ఫోటోలు దిగుడు కాదు, మా ఇండ్ల సంగతి సూడు." నా మాట మీద నమ్మకంతో డెక్క పీకినవాళ్ళే ఇలా అంటే నేను ఎక్కడికి పోవాలి?

పంపితే పంపు. లేకపోతే నేనే వచ్చి బర్రెను విప్పుకుంటాను.

జ్యోతి


రెంజల్,
2 ఏప్రిల్ 2025

జ్యోతికి,

తాడు పంపుతున్నాను. నా కొడుకు బోధన్ బస్టాండులో కార్గోకు ఇచ్చి వచ్చాడు. చీటీ ఇందులో పెట్టాను.

బర్రెకు కట్టలేదు. మాకసలు బర్రే లేదు, నిరుడే అమ్మేశాం. తాడు అటక మీద బాపు ధోవతిలో చుట్టి ఉంది. ప్రతి దసరాకు దించి ఎండకు వేసి మళ్ళీ చుట్టి పెడతాను.

మంచి మనసుతో పంపుతున్నానని అనుకోకు. అద్దాల పెట్టె మాట చదివాక పొయ్యిలో వేద్దామనే దించాను. ప్రమీలమ్మ గారు చూసి, "ఏవండీ ఈరవ్వగారూ, మీకు పనికిరాదు, ఆవిడకి ఇవ్వరు. ఇదేం పంతమండీ బాబూ" అన్నారు. "మా బాపు నాకిచ్చిండు, నేనెందుకియ్యాలె?" అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక తాడు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు కూచున్నాను. ఇల్లు మునుగుతుందన్న మాట నన్ను కుదురుగా కూచోనివ్వలేదు. ఆ ఇంటికి మట్టి తొక్కింది నేనూ అవ్వా. నీకు దక్కిందని కడుపు మండుతుంది, అయినా అది మునగకూడదు.

ఎలా కట్టాలో ముందే రాశాను. పొడుగు వైపు కొస మైసమ్మ రాయికి. పక్కనున్న పెద్దరాయికి వీపు పెట్టి, దూరంగా నడవాలి. ముడి వచ్చిన చోట తిన్నగా కిందనే తూము. ముడి విప్పొద్దు. తాడును నీళ్ళలో నానబెట్టొద్దు. అద్దాల పెట్టెలో పెడితే మాత్రం నేను వచ్చి రాయితో కొడతాను.

తూము దొరికాక పత్రికవాళ్ళు మళ్ళీ వస్తారు, నువ్వు మళ్ళీ నవ్వుతావు, ప్రమీలమ్మ గారు మళ్ళీ పొద్దున్నే వస్తారు. ఇవన్నీ తెలిసే పంపుతున్నాను. అది మాత్రం గుర్తుపెట్టుకో.

అక్క


నిజామాబాద్,
27 ఏప్రిల్ 2025

ఈరవ్వక్కా,

నువ్వు ఇంత పని చేస్తావని కలలో కూడా అనుకోలేదు.

నువ్వు చెప్పినట్టే మైసమ్మకు తాడు కట్టాం. ముడి వచ్చేదాకా నేనే నడిచాను. కొబ్బరికాయ కొట్టి జేసీబీతో అక్కడ తోడించాం. మూడు రోజులు తోడినా బురద తప్ప ఏమీ లేదు. మూడో రోజు కట్ట లోపలి రాతికట్టు జారింది. ఇప్పుడు కట్ట అవతలి వైపు చెమ్మ ఊరుతోంది. కాలనీ మొత్తం రోడ్డు మీదికి వచ్చింది. "నీ బాపు పేరు సెప్పి మమ్ముల ముంచుతవా?" అని ఒకావిడ నా టీషర్టు పట్టుకుని గుంజింది. చక్రవర్తి గారు నాతో మాట్లాడకుండా కారెక్కి వెళ్ళాడు. మే నెలాఖరులోగా తేలకపోతే కంపెనీ తప్పుకుంటుందని అఖిలేష్ చెప్పాడు. పాపం, ఆ పిల్లవాడు నా ముందు తల ఎత్తలేకపోయాడు.

ముడి జరిపావు కదా? దాన్ని విప్పి వేరే చోట వేసి పంపావు కదా? "ఇవన్నీ తెలిసే పంపుతున్నాను" అని రాశావు. నాకు ఇప్పుడు అర్థమైంది. నేను నలుగురిలో నవ్వులపాలు కావాలని నీ కోరిక. తీరింది. ప్రమీలమ్మ గారికి కూడా చెప్పు.

ఇక నువ్వు నా నంబరు విడిపించాల్సిన పని లేదు.

జ్యోతిరాణి


రెంజల్,
3 మే 2025

జ్యోతీ,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం తినలేదని రాద్దామనుకున్నాను. తిన్నాను. కానీ ఏం తిన్నానో తెలియలేదు.

ఆ ముడి నాకు వెయ్యడమే రాదు. బాపు ఎన్నిసార్లు నేర్పినా నేను వేస్తే జారిపోయేది. "నీది ముడి గాదు బిడ్డా, జడ" అని నవ్వేవాడు. నీ దగ్గరే ఉంది కదా, చూడు. ముడి సందులో లోపలి నార ఏ రంగులో ఉందో చూడు, ఎండ తగలక ఇంకా తెల్లగానే ఉంటుంది. నలభై ఏళ్ళుగా విప్పని ముడి అది.

నీ ఫోటో చూసి కుళ్ళుకున్నాను. నీ పదవి చూసి కుళ్ళుకున్నాను. చెరువు బాగుపడకపోతే బాగుండునని ఒకరోజు అనుకున్నాను కూడా, నీకు చెప్పేస్తున్నాను. ఇన్ని పాడు ఆలోచనలు చేసిననాడు నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అన్నీ దిగమింగి ఒక్క మంచి పని చేసిననాడు దొంగనయ్యాను. బాపు తాడుతో నేను అబద్ధం ఆడతానా?

నా ఏడుపు చూడలేక నవత తన ఫోన్‌లో మీ మైసమ్మ గుడి వీడియో పెట్టి చూపించింది. "సూడు అత్తమ్మా, చిన్నత్తమ్మ బోనమెత్తింది, ఎంత మంచిగున్నదో" అన్నది. నేను చూశాను. నాలుగుసార్లు పెట్టించుకుని చూశాను.

మైసమ్మ నీళ్ళ వైపు చూస్తూ ఉంటుంది. ఆమె ఎడమ చేతి పక్కనే, ఆనుకుని, పెద్దరాయి ఉండాలి. నీ వీడియోలో పెద్దరాయి ఆమె కుడి చేతి వైపు, ఎక్కడో దూరంగా ఉంది.

జ్యోతీ, అమ్మవారు నడిచిందా? మీరు నడిపించారా?

అక్క


నిజామాబాద్,
8 మే 2025

అక్కా,

నీ కాళ్ళు పట్టుకుంటున్నాను. మేమే నడిపించాం. నేనే.

నడకదారికి అడ్డం వస్తోందని ఇంజనీరు అంటే, అయ్యగారిని పిలిపించి, పూజ చేయించి, మైసమ్మ రాయిని గేటు దగ్గరికి జరిపి గుడి కట్టించాం. నీకు చెబితే "మైసమ్మను కదిలిస్తవా?" అని తిడతావని చెప్పలేదు. గుడి అని మాత్రం రాశాను. తాడు కట్టేటప్పుడు కూడా నాకు తట్టలేదక్కా. బాపుకు ఆ రాయి దేవతే కాదు, గుర్తు కూడా అని నాకు తెలియదు. నాకు ఎవరు చెప్పారు? ఈ ఉత్తరాలకు ముందు నువ్వు చెప్పిన కథలో ఎప్పుడూ నీ చేతులే ఉండేవి, రాయి ఉండేది కాదు.

ఇంకొకటి కూడా రాస్తాను. నువ్వు పెళ్ళై పోయాక తాడు నా చేతికి వచ్చి ఉంటుందన్నావు. రాలేదు. నేను పట్టుకుంటానని ఏడ్చాను. "నీతోని గాదు బిడ్డా, నువ్వు సదువుకో" అన్నాడు బాపు. మైసమ్మ రాయికి కట్టిన తాడునే నమ్ముకుని ఒక్కడే దిగేవాడు. నేను కట్ట మీద ఖాళీ చేతులతో నిలబడేదాన్ని. కాలేజీ నీకు దక్కలేదని నువ్వు ఏడిస్తే, తాడు నాకు దక్కలేదని నేను ఏడ్చాను. ఈ కమిటీ, ఈ టీషర్టు, ఇదంతా ఎందుకు చేస్తున్నానో మీ మరిదికి కూడా తెలియదు. నీరడి బిడ్డ అని పత్రికలో చదువుకుని ఆ రోజు నేను ఎంత ఏడ్చానో!

రాయి ఉన్న చోట మట్టి పోసి చదును చేశారు. సరిగ్గా ఎక్కడో చెప్పేవాళ్ళు లేరు. అఖిలేష్ ఇంకొక్క ప్రయత్నానికి ఒప్పించాడు. మే 18 ఆదివారం. జేసీబీ వద్దన్నారు, చేపలు పట్టే పోశెట్టి రబ్బరు బట్టలు వేసుకుని దిగుతానన్నాడు.

నువ్వు రా అక్కా. రాకపోతే ఈ చెరువూ పోతుంది, ఇల్లూ పోతుంది, నేనూ నీ ముఖం చూడలేను.

నీ చెల్లెలు


రెంజల్,
9 జూన్ 2025

జ్యోతికి, అక్క రాసేది.

చెరువు సభ ఆహ్వాన పత్రిక, నీ ఉత్తరం అందాయి. వేదిక మీద నాకు కుర్చీ వేస్తామన్నారు. నేను రాను. అలిగి కాదు. వస్తే నీ మెడలో దండ చూసి మళ్ళీ కుళ్ళుకుంటాను. నాకు అరవై రెండేళ్ళు, ఒంటికి మంచిది కాదు.

ఆ ఆదివారం జరిగింది నువ్వు చూసిందే. అయినా రాస్తున్నాను, నువ్వు చూడనిది కొంత ఉంది కాబట్టి.

పెద్దరాయికి ఒక పల్లం ఉంది. బాపు అందులో వీపు ఆనించి కూచుని చుట్ట కాల్చుకుంటూ, కుడి చెయ్యి చాపి మైసమ్మ ముందు దీపం సరిచేసేవాడు. నేను ఆ పల్లంలో కూచుని చెయ్యి చాపాను. అందరూ ముసలిదానికి కళ్ళు తిరిగాయనుకున్నారు. నా వేళ్ళ కింద గడ్డపార దింపించి, దానికి తాడు కట్టించాను. ముడి వచ్చిన చోట ఆగాను. అక్కడ నీళ్ళు చూడగానే ఇదే చోటని నాకు తెలిసిపోయింది. పోశెట్టి నడుముకు తాడు చుట్టాను.

ఆ తాడు నేనే పట్టుకుందామని వచ్చాను జ్యోతీ. రెంజల్ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ అదే అనుకున్నాను. ఫోటోలు తీసేవాళ్ళు ఉంటారు, ఈసారి నా చేతులు కనపడాలి అని. మంచి చీర కూడా అందుకే కట్టుకున్నాను. తీరా పోశెట్టి నీళ్ళలో అడుగు పెట్టినప్పుడు నువ్వు నా పక్కన నిలబడి ఉన్నావు, రెండు చేతులూ ముందుకు పెట్టుకుని.

"పట్టు" అని నీ చేతిలో పెట్టాను. పెట్టానే కానీ నా వేళ్ళు వదల్లేదు. నువ్వు గుంజుకున్నావు. తొందరనుకుని ఉంటావు. అది నా కుళ్ళు.

రెండు గుంజులు వచ్చాయి. "అక్కా, దొరికింది! బిరడా దొరికింది!" అని నువ్వు అరిచావు. నాకంటే ముందు నీ చేతులకు తెలిసింది. ఆ గుంజు ఎలా ఉంటుందో ఈ లోకంలో నాకొక్కదానికే తెలుసని నలభై అయిదేళ్ళు బతికాను. ఇప్పుడు నీకూ తెలుసు. అది తలచుకుంటే ఈ పొద్దుకూ కడుపులో మండుతుంది. అయినా ఆ నల్లనీళ్ళు గుడగుడమని కదిలినప్పుడు, నువ్వు నా భుజం మీద తల పెట్టి ఏడ్చినప్పుడు, ఇచ్చి మంచి పని చేశాననే అనుకున్నాను. రెండూ నిజమే.

మూడు గుంజులు వచ్చేసరికి నువ్వు ఉలిక్కిపడ్డావు. "లాగు" అన్నాను. బాగానే లాగావు.

మైసమ్మను మళ్ళీ తన చోటికి తెస్తున్నారని, నడకదారే పక్కకు తిప్పుతున్నారని రాశావు. సంతోషం. బోర్డు మీద నా పేరు ఎలా వెయ్యాలని అడిగావు. నా పేరు వద్దు, నీ పేరు కూడా వద్దు. "నీరడి లింబయ్య బిడ్డలు" అని రాయించు. అక్షరాలన్నీ ఒకే సైజులో ఉండాలి, నేను నవత ఫోన్‌లో చూస్తాను.

ఇక నువ్వు చూడనిది. మరునాడు పొద్దున బయలుదేరేటప్పుడు తాడు నా సంచిలో పెట్టుకున్నాను. నిన్ను అడగలేదు. అది నాదే కదా అనుకున్నాను. బస్టాండులో బోధన్ బస్సు కూడా ఎక్కాను. సీటు దొరికాక దిగిపోయాను. ఆటోలో మీ ఇంటికి తిరిగి వస్తే నువ్వు చెరువు దగ్గర ఉన్నావు. తలుపు పక్కన బాపు తాడు తగిలించే మేకు ఇంకా ఉంది. దానికి నువ్వు టీషర్టు తగిలించావు. దాన్ని తీసి కుర్చీలో వేశాను. తాడు అక్కడ తగిలించి వచ్చాను.

నవత నీ నంబరు విడిపించింది. రోజూ చెయ్యకు.

నీరడి పెద్దబిడ్డ
ఈరవ్వ